దూలం మీద ఇరవై నాలుగో పేరు

గురువారం రొట్టెల వ్యాన్ వచ్చే రోజు. గ్వెండా ప్రాసర్ సంచి భుజాన వేసుకుని బయల్దేరి, పబ్బు ఎదురుగా ఉన్న టెలిఫోన్ స్తంభం దగ్గర ఆగింది. స్తంభానికి ఎవరో పసుపుపచ్చ కాగితం కట్టారు. వానకి తడవకుండా ప్లాస్టిక్ తొడుగు కూడా వేశారు. దాని ముందు పెర్సీ గ్విలియం ముక్కు మీదికి కళ్లజోడు జార్చుకుని నిలబడి ఉన్నాడు. ఎనభై ఏళ్లకి ఒక్క ఏడు తక్కువ ఆయనకి. ఇప్పటికీ ఊళ్లోవాళ్ల ముళ్లపొదల కంచెలు వంచి అల్లేది ఆయనే.

"ఏంటది? మళ్లీ రోడ్డు తవ్వుతారా?" అంది గ్వెండా.

"తవ్వుతున్నారు. మన గొయ్యి."

"పొద్దున్నే ఏం మాటలవి?"

"నువ్వే చదువుకో. పుస్తకాలు రాసినదానివి కదా."

ఆమె చదివింది. కుంటిపొట్టేలు పబ్బుని మూసి, ఆ భవనాన్ని నివాసగృహంగా మార్చుకోవడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు. అభ్యంతరాలున్నవాళ్లు ఇరవై ఒక్క రోజుల్లో జిల్లా కౌన్సిల్‌కి రాయవచ్చు. దరఖాస్తుదారు, టి. మాడాక్స్.

"ఇది ఎవరో వేరే మాడాక్స్ అయ్యుంటాడు" అంది గ్వెండా.

పెర్సీ ఆమె మొహం వంక చూశాడే గాని నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. రొట్టెల వ్యాన్ వచ్చింది, హారన్ మోగించింది, వెళ్లిపోయింది. ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు.

థార్న్‌లేసీ చిన్న ఊరు. నలభై గడపలు, ఒక చర్చి, ఒక పబ్బు. బడి పోయింది. కొట్టు పోయింది. తపాలా ఆఫీసు పోయింది. పోనివి రెండే మిగిలాయి. వాటిలో చర్చికి ఆదివారం వెళ్లేవాళ్లు తొమ్మిదిమంది. కాబట్టి ఈ ఊళ్లో మనిషి మొహం మనిషి చూడాలంటే కుంటిపొట్టేలే గతి. ఆ పేరు ఎలా వచ్చిందంటే, మొదటి యజమాని బోర్డు మీద పొట్టేలు బొమ్మ గీయించాడట. గీసినవాడు తల దగ్గర మొదలుపెట్టి దర్జాగా గీసుకుంటూ పోయి, నాలుగో కాలికి వచ్చేసరికి చెక్క అయిపోయిందని చేతులెత్తేశాడు. రెండు వందల అరవై ఏళ్లుగా ఆ పొట్టేలు మూడు కాళ్ల మీదే నిలబడి ఉంది.

లోపల, బీరు పోసే బల్లకి పైన, చెయ్యెత్తితే అందేంత ఎత్తులో ఓక్ దూలం ఉంది. దాని మీద యజమానులందరి పేర్లూ వరసగా చెక్కి ఉంటాయి. ఎవరు పడితే వాళ్లు చెక్కడానికి వీల్లేదు. కొత్త యజమాని మొదటి చలికాలం గట్టెక్కాక, ఫిబ్రవరి రెండున, చర్చిలో కొవ్వొత్తుల పండుగ రోజున, అక్కడ తాగేవాళ్లలో పెద్దవాడు ఉలి పట్టుకుని పేరు చెక్కుతాడు. చలికాలం దాటనివాడికి పేరు లేదు. అలాంటివాళ్లు ముగ్గురో నలుగురో ఉన్నారు, వాళ్లని ఊరు లెక్కలోంచే తీసేసింది. ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. యజమాని వెళ్లిపోయే రోజున అతని పేరు పక్కన ఒక గుర్తు చెక్కుతారు. బీరు కాక అతను ఇంకా దేని మీద బతికాడో ఆ గుర్తు. కమ్మరి జేబెజ్ ప్రీస్‌కి సుత్తి. పందులు కోసే సైలస్ బెవన్‌కి కత్తి. శవపేటికలు చేసే ఇఫ్రయిమ్ గాడ్సల్‌కి పేటిక. ఆయన కొలతల కోసం తాగి పడిపోయినవాళ్లని పెట్టెలో పడుకోబెట్టి చూసేవాడని చెప్పుకుంటారు. విధవరాలు టేమర్ లెలోకి ఉయ్యాల. ఆవిడ మంత్రసాని. కాన్పుకి పిలుపు వస్తే బల్ల వదిలేసి పరుగెత్తేది, ఊళ్లో మగవాళ్లు తమ బీరు తామే పట్టుకుని తాగి, గ్లాసులు కడిగి బోర్లించి పోయేవారు.

ఇవన్నీ తవ్వి తీసింది గ్వెండాయే. బడి ఉన్నన్నాళ్లూ బడి వంటగదిలో కూరలు తరిగిన మనిషి. డెబ్బై దాటాక పట్నంలో పాత రికార్డుల ఆఫీసుకి బస్సులో వెళ్లి, వంకర టింకర చేతిరాతలు చదవడం నేర్చుకుంది. ఎందుకంటే ట్రెవర్ అడిగాడు.

"గ్వెన్ ఆంటీ, ఈ పేర్ల వెనక కథలు మీకు తప్ప ఎవరికి తెలుసు? మీరు రాయకపోతే మీతోనే పోతాయి" అన్నాడొకరోజు, ఆమె కప్పులో టీ పోస్తూ.

ట్రెవర్ మాడాక్స్ ఎనిమిదేళ్ల కిందట బర్మింగ్‌హామ్ నుంచి భార్య లిండ్సీతో వచ్చాడు. వచ్చినప్పుడు బీరు పీపా ఎటు వంచాలో కూడా తెలియదు. గ్వెండా భర్త ఎడ్విన్ నేలమాళిగలోకి దిగి, పీపా ఎంతసేపు కుదురుకోనివ్వాలో, పంపు గొట్టాలు ఎప్పుడు కడగాలో చెప్పి చెప్పి మనిషిని చేశాడు. లిండ్సీకి ఆపరేషన్ అయినప్పుడు నాలుగు నెలలు ఆదివారం భోజనాలకి బంగాళాదుంపలు వేయించింది గ్వెండా. ఆ చలికాలం ట్రెవర్ గట్టెక్కాడు. కొవ్వొత్తుల పండుగకి పేరు చెక్కే వంతు ఎడ్విన్‌కి వచ్చింది. అప్పటికే ఎడ్విన్ చేతులు వణుకుతున్నాయి. పెర్సీ స్టూలు పట్టుకున్నాడు, గ్వెండా ఎడ్విన్ నడుము పట్టుకుంది. మధ్యాహ్నమంతా పట్టింది. చివరి అక్షరం వంకరపోయింది. గొర్రెలు ఈనే రోజులు రాకముందే ఎడ్విన్ పోయాడు. అతని చేతి పని అదే ఆఖరిది.

అందుకే ట్రెవర్ అడిగితే కాదనలేకపోయింది. మంగళవారం మంగళవారం పొద్దున్న ఖాళీ పబ్బులో కూర్చునేవాళ్లు. ఆమె చెప్పేది, అతను కంప్యూటర్‌లో కొట్టేవాడు. రెండేళ్లు. ఎంత శ్రద్ధో పిల్లాడికి! ఒకటికి రెండుసార్లు అడిగేవాడు. "ఈయన ఎందుకు వదిలేసి వెళ్లాడు ఆంటీ? కమ్మరం లేకపోతే నడిచేదే కాదంటారా? ఈ ముప్ఫై ఏళ్లలో ఎన్నిసార్లు తాళం పడింది?" చరిత్ర మీద ప్రేమ అనుకుంది గ్వెండా. వెర్రిది, నెత్తిన పెట్టుకుంది.

అప్పుడప్పుడు దూలం వంక చూసి ట్రెవర్ నవ్వేవాడు. "నేను పోయేనాడు నా పేరు పక్కన ఏం చెక్కుతారు ఆంటీ?"

"నీకో పనంటూ ఏడిస్తే కదా చెక్కడానికి! ముందు ఏదైనా పని వెతుక్కో."

"అయితే ఖాళీగా వదిలేయండి."

పుస్తకం వచ్చిన రోజు ఊరంతా వచ్చింది. బల్ల మీద ఊరవేసిన కోడిగుడ్ల జాడీ పక్కన దొంతరగా పెట్టారు. మొదటి కాపీ మీద ట్రెవర్ ఆమె చేత సంతకం పెట్టించుకుని అందరి ముందూ బుగ్గ మీద ముద్దు పెట్టాడు. ఆ పుస్తకంలో ఇరవై మూడు అధ్యాయాలున్నాయి. ఇరవై నాలుగోది కూడా ఆమె రాసింది గాని ట్రెవరే వద్దన్నాడు. "నేనింకా చరిత్ర కాలేదు ఆంటీ. సిగ్గేస్తుంది, తీసేయండి." ఆ వినయానికి మురిసిపోయి తీసేసింది.

ఇప్పుడు స్తంభం మీద పసుపు కాగితం.

గ్వెండా రోడ్డు దాటి పక్క తలుపు తట్టింది. లిండ్సీ తీసి, ఆమెని చూడగానే లోపలికి తిరిగి "ట్రెవ్!" అని పిలిచి మాయమైంది. ట్రెవర్ చేతిలో గుడ్డతో వచ్చాడు.

"చెప్దామనే అనుకుంటున్నా ఆంటీ."

"ఎప్పుడు? స్తంభానికి చెప్పాకా?"

"లోపలికి రండి, చలిగా ఉంది."

"ఇక్కడే చెప్పు."

అతను గుడ్డని అటూ ఇటూ మడత పెట్టాడు. "నడవట్లేదు ఆంటీ. మీకు తెలియంది కాదు. లిండ్సీకి ఓపిక లేదు. మేం ఎక్కడికీ పోవట్లేదు, ఇక్కడే ఉంటాం, ఇదే ఇంట్లో. మీరు ఎప్పుడైనా టీకి రావచ్చు."

"టీకి" అంది గ్వెండా.

"ఎప్పుడైనా."

"వెనక గదిలో పాలు, రొట్టె అమ్ముకుంటాం, మేమే వంతులేసుకుని కూర్చుంటాం అని ఊరు ఊరంతా అడిగితే మూడేళ్లుగా క్రిస్మస్ అయ్యాక చూద్దాం అన్నావు. చర్చి గంటలు కొట్టేవాళ్లు మంగళవారం భోజనాలు పెట్టమంటే కుదరదన్నావు. వంటగది మూశావు. నడవట్లేదా, నువ్వు నడపట్లేదా?"

"మీరు కూడా అలా అంటే ఎలా ఆంటీ? అందరికీ సర్దిచెప్పింది మీరే కదా."

నిజమే. సర్దిచెప్పింది ఆమే. పాపం అలిసిపోయాడు, పాపం భార్యకి బాలేదు, పాపం పట్నం పిల్లాడు. ఆ మాటతో వెనక్కి తిరిగింది. ఆ రోజున ట్రెవర్ పుస్తకం ఊసు ఎత్తలేదు. ఎత్తాల్సింది అదే.

అది బయటపడింది తర్వాతి వారం. పెర్సీ మనవరాలు కౌన్సిల్ వెబ్‌సైట్‌లోంచి దరఖాస్తు కాగితాలన్నీ ప్రింటు తీసి పంపింది. పెర్సీ కట్ట తెచ్చి గ్వెండా వంటింటి బల్ల మీద పడేశాడు. టోపీ కూడా తీయలేదు.

"అరవై రెండో పేజీ చూడు."

చూసింది. 'అనుబంధం మూడు: గ్రామ చరిత్రకారిణి శ్రీమతి జి. ప్రాసర్ సాక్ష్యం.' కింద తన వాక్యాలు. తన సొంత వాక్యాలు, తను రాత్రీ పగలూ సరిదిద్దుకున్నవి. 'రెండు వందల అరవై ఏళ్లలో కేవలం బీరు పోసి బతికిన యజమాని కుంటిపొట్టేలుకి ఒక్కడూ లేడు.' అక్కడితో ఆగింది. తర్వాత ఒక పట్టిక వేశారు. ఏ యజమాని ఎందుకు వెళ్లిపోయాడు, ఎన్నిసార్లు తాళం పడింది. టేమర్ లెలో ఉయ్యాల కూడా అందులో ఉంది, 'అదనపు ఉపాధి' అనే గడిలో. చివర దరఖాస్తుదారు తేల్చిన మాట: ఈ స్థలం పబ్బుగా ఎన్నడూ నిలదొక్కుకోలేదని దానిని అమితంగా ప్రేమించే స్థానికురాలే నిరూపించారు.

గ్వెండా పేజీ తిప్పి చూసింది. "తర్వాతి వాక్యం ఏది? దాని కిందే ఉందే! 'ఒక చేత్తో బీరు పోస్తూ రెండో చేత్తో ఊరికి కావలసిన పని చేసినవాళ్లే ఈ ఇంటిని నిలబెట్టారు.' ఆ వాక్యం కోసమే కదా ముందుది రాశాను!"

"తెలివైనవాడు. సగమే కోసుకున్నాడు."

"మంగళవారాలు అడిగినవన్నీ ఇందుకేనా? రెండేళ్లు, పెర్సీ. రెండేళ్లు నా ఎదురుగా కూర్చుని..."   ఎడ్విన్ పోయినప్పుడు కూడా పెర్సీ ముందు ఏడవని మనిషి, ఆ రోజు ఏప్రన్ మొహాన పెట్టుకుని బావురుమంది. పెర్సీ టోపీ తీసి చేతిలో పట్టుకుని, కాసేపు కెటిల్ వైపు చూసి, టీ తనే పెట్టాడు. చక్కెర మర్చిపోయాడు.

ఊళ్లో మాటలు ఊరికే ఉంటాయా? గొర్రెల కాపరి భార్య రోడ్డు మీద మొహం మీదే అనేసింది: "మా ఆయనకి ఉన్న ఒక్క చోటూ పోయింది గ్వెండా. నీ పుస్తకం పుణ్యమా అని." చర్చిలో పూలు సర్దే ఇద్దరు ఆమె రాగానే మాటలు ఆపేశారు. ఈ ఊళ్లో పుట్టి, ఈ ఊరి పిల్లలకి పాతికేళ్లు అన్నం పెట్టిన మనిషికి ఆ మౌనం చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ట్రెవర్‌ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. బయటినుంచి వచ్చినవాడి మీద ఆశ ఉండదు కదా, కోపం కూడా సగమే ఉంటుంది.

కౌన్సిల్ విచారణ ఏప్రిల్‌లో, పొద్దున్న పదిన్నరకి. బస్సులో పెర్సీ ఆమె పక్కన కూర్చుని చెవిలో ఒకటే పోరు.

"చూడు గ్వెన్. అడుగుతారు, ఇది నువ్వు రాసిందేనా, నిజమేనా అని. కాదను. ముసలిదాన్ని, ఏవో కట్టుకథలు అల్లాను, సగం కల్పించినవే అను. అయిపోయింది. అనుబంధం మూడు పోయి చెత్తబుట్టలో పడుతుంది."

"అబద్ధం చెప్పమంటావా?"

"నీ పుస్తకం కావాలా, మన పబ్బు కావాలా?"

గ్వెండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆమె ఒళ్లో చిన్న నోటుబుక్కు ఉంది. అందులో పెన్సిలుతో రాసిన ఇరవై నాలుగో అధ్యాయం. వెనక గది అడిగినప్పుడల్లా ట్రెవర్ ఏమన్నాడో, వంటగది ఏ నెలలో మూశాడో, ఏ శనివారాలు తలుపు తీయలేదో తేదీలతో సహా ఉంది. అతన్ని తప్పుపట్టడానికి రాయలేదు. కష్టాలు పడి చివరికి నిలబడతాడని, అప్పుడు చదివితే బాగుంటుందని రాసింది.

మాట్లాడేవాళ్లకి మూడేసి నిమిషాలు. ట్రెవర్ తను మాట్లాడలేదు, కోటు వేసుకున్న సలహాదారు ఒకణ్ణి తెచ్చుకున్నాడు. అతను పుస్తకం పైకెత్తి చూపించాడు. అట్ట మీద మూడు కాళ్ల పొట్టేలు. దాన్ని అలా పరాయి చేతిలో చూసేసరికి గ్వెండాకి తన బిడ్డని ఎవరో ఎత్తుకుపోతున్నట్టయింది.

ఆమె వంతు వచ్చింది. అధ్యక్షురాలు తల నెరిసిన మనిషి, మర్యాదగా అడిగింది.

"మిసెస్ ప్రాసర్, ఈ వాక్యం మీరు రాసిందేనా?"

పెర్సీ దగ్గాడు. గదంతా ఆమె వంకే చూస్తోంది. ఒక్క మాట చాలు, కాదని. ఆ ఒక్క మాటతో జేబెజ్ ప్రీస్, టేమర్ లెలో, ఇఫ్రయిమ్ గాడ్సల్ అందరూ కట్టుకథలైపోతారు. వంకర చేతిరాతల మీద వంగి కళ్లు పాడుచేసుకున్న రెండేళ్లు ముసలిదాని వాగుడైపోతాయి.

"నేనే రాశాను" అంది. "నిజమే. కాకపోతే దాని తర్వాత ఇంకో వాక్యం ఉంది. దాన్ని వీళ్లు కోసేశారు." అని ఆ వాక్యం చెప్పింది. ఆపైన నోటుబుక్కు తెరిచి గబగబా చదవసాగింది. మొదటి ఏడు అయ్యేలోపే బల్ల మీద ఎర్రదీపం వెలిగింది.

"క్షమించండి, మీ సమయం అయిపోయింది. అది ముద్రించిన పుస్తకంలో ఉందా?"

"లేదు."

కోటు మనిషి సగం లేచాడు. "అంత ముఖ్యమైన అధ్యాయమైతే చరిత్రకారిణి పుస్తకంలో ఎందుకు వేయలేదో?"

గ్వెండా తిరిగి ట్రెవర్ వైపు చూసింది. మూడో వరసలో కూర్చున్నాడు, ఆమె కొనిపెట్టిన నీలం స్వెట్టర్ వేసుకుని. "చెప్పు ట్రెవర్. ఎందుకు వేయలేదో నువ్వు చెప్పు నాయనా."

ట్రెవర్ తన బూట్ల వంక చూసుకున్నాడు. అంతే. 

కౌన్సిల్ సభ్యుల్లో అయిదుగురు దరఖాస్తుకి ఔనన్నారు, నలుగురు కాదన్నారు. అధ్యక్షురాలు ఊరడింపుగా ఇంకో మాట చేర్చింది. అది రక్షిత కట్టడం కాబట్టి, అనుమతి పత్రం చేతికిచ్చే నాటికి దూలం మీద ఏవేవి ఉంటే అవన్నీ ఉన్నది ఉన్నట్టు ఎప్పటికీ ఉంచాలని షరతు పెట్టామంది. "మీ పేర్లకి ఏ హానీ రాదు మిసెస్ ప్రాసర్." గ్వెండాకి ఒళ్లు మండింది. మనుషుల్ని గెంటేసి పేర్లని కాపాడతారట!

తిరుగు బస్సు ఊళ్లో ఆగింది. దిగేటప్పుడు పెర్సీ, "అబద్ధం చెప్పలేకపోయావు కదూ" అన్నాడు.

"చెప్పలేకపోయాను."

"ఎడ్విన్ కూడా అంతే. మీ ఇద్దరితోనూ పేకాడటం దండగ."

మే నెల ఆఖరి శనివారం మధ్యాహ్నం కుంటిపొట్టేలు చివరిసారి తలుపు తీసింది. అనుమతి పత్రం సోమవారం చేతికి వస్తుంది. మిగిలిన పీపాలు ఊరికే పోస్తానని ట్రెవర్ కబురు పెట్టాడు. ఎవరూ వెళ్లకూడదని ఊరు తీర్మానించుకుంది. పన్నెండు కొట్టేసరికి అందరూ అక్కడే ఉన్నారు. "వాడి మీద కోపం ఉంది గాని వాడి బీరు మీద లేదు" అన్నాడు పెర్సీ. కాని అతని కోటు జేబులో ఉలి, చిన్న కొయ్యసుత్తి ఉన్నాయి.

గ్వెండా వచ్చేసరికి అతను స్టూలెక్కి దూలం ముందు నిలబడ్డాడు. ట్రెవర్, లిండ్సీ నేలమాళిగలో ఉన్నారు.

"ఏం చేస్తున్నావు?"

"లేపేస్తున్నా. వాడి పేరు ఇక్కడుండటానికి వీల్లేదు. సోమవారం దాకా షరతు లేదు కదా."

గదిలో వాళ్లు గ్లాసులు బల్ల మీద కొట్టి సరే సరే అన్నారు. గొర్రెల కాపరి భార్య అందరికన్నా గట్టిగా అరిచింది. పెర్సీ మొదటి అక్షరం మీద ఉలి ఆనించాడు.

"దిగు" అంది గ్వెండా.

"ఇంకా వాణ్ణి వెనకేసుకొస్తున్నావా? ఇంత జరిగాక కూడానా?"

"అది వాడి పేరే. చెక్కింది మాత్రం నా మొగుడు."  "ఆ మధ్యాహ్నం నువ్వే స్టూలు పట్టుకున్నావు. చివరి అక్షరం చూడు పెర్సీ. ఎంత వంకరగా ఉందో చూడు. దాన్ని గీకుతావా?"

 పెర్సీ చూశాడు. ఉలి కిందికి దించాడు. ఆమె నమ్మినవాడు పుస్తకాన్నే కాదు, ఎడ్విన్ చేతి పనిని కూడా తన పేరుకి తగిలించుకుని కూర్చున్నాడు. వాడి పేరు తుడవాలంటే ఎడ్విన్‌ని తుడవాలి. ఇంతకన్నా అన్యాయం ఇంకోటి ఉంటుందా?

"అయితే అలాగే వదిలేద్దామా?" అన్నాడు చివరికి, చిన్నబోయి.

గ్వెండా దూలం పొడవునా చూసింది. సుత్తి, కత్తి, పేటిక, ఉయ్యాల, కత్తెర, బండిచక్రం. ఒక్కొక్కటీ ఆమెకి ఎన్నేళ్లుగా తెలుసో. చివర ఎడ్విన్ చెక్కిన పేరు, దాని పక్కన ఖాళీ.

"వదిలేయకూడదు. ఇవాళ యజమాని వెళ్లిపోయే రోజు. గుర్తు చెక్కాలి."

"ఏం చెక్కను? వాడు బీరు తప్ప ఏం చేశాడు? అదీ సరిగ్గా చేయలేదు."

"చేశాడు. నేనే గమనించలేదు. రెండేళ్లు నా కళ్ల ముందే చేశాడు." ఆమె సంచిలోంచి తన కాపీ తీసి బల్ల మీద తెరిచి పెట్టింది. "ఇది చెక్కు. తెరిచిన పుస్తకం. వాడు దీని మీద బతికాడు. ఈ ఇల్లు వాడికి దీనితోనే దక్కింది."

పెర్సీ ఆమెని చూసి, పుస్తకాన్ని చూసి, మెల్లగా తల ఊపాడు. పేరు పక్కన ఉలి ఆనించి చెక్కడం మొదలుపెట్టాడు. కంచెలు వంచే చేతులు, గీత వంకర పోలేదు.  గొర్రెల కాపరి భార్య వచ్చి స్టూలు పట్టుకుంది, గ్వెండా వైపు చూడకుండానే "నేను పట్టుకుంటాలే, నువ్వు కూర్చో" అంది. ఓక్ పొట్టు గ్లాసుల్లో రాలుతుంటే ఎవరూ గ్లాసు జరపలేదు.

సుత్తి చప్పుడు విని ట్రెవర్ పైకి వచ్చాడు. వెనకే లిండ్సీ. అతను తల ఎత్తి చూశాడు. మొదట అర్థం కాలేదు. తర్వాత బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం కనిపించింది. మొహం నెమ్మదిగా ఎర్రబడింది.

"రక్షిత కట్టడం ఇది. ఉలి పెట్టకూడదు. ఫిర్యాదు చేయొచ్చు నేను."

"చెయ్యి" అంది గ్వెండా. "అడుగుతారు, ఎందుకు చెక్కారు అని. వచ్చి చెప్తాను. మూడు నిమిషాలు చాలు."

"అయితే మనమూ ఉలి పెట్టకూడదు. సోమవారం నుంచి దాన్ని చెరపడానికి కూడా వీల్లేదు ట్రెవ్" అంది లిండ్సీ సన్నగా. "షరతు ఉంది. మనం రోజూ ఈ గదిలోనే కూర్చోవాలి." ఆమె కళ్లనిండా నీళ్లు.

ట్రెవర్ బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. "నేనేమీ కల్పించలేదు కదా గ్వెన్ ఆంటీ. ఒక్క మాట కూడా. అన్నీ మీరు రాసినవే."

"ఔను. అందుకే పుస్తకం చెక్కించాను. నువ్వు కల్పించి ఉంటే ఇంకేదైనా చెక్కించేదాన్ని."

"ఆంటీ..."

"మిసెస్ ప్రాసర్" అంది ఆమె. "నన్ను ఇంక అలాగే పిలువు."

పెర్సీ పొట్టు ఊది స్టూలు దిగాడు. గ్వెండా పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. పోసిన బీరు ముట్టుకోలేదు. వెళ్తూ వెళ్తూ చెయ్యెత్తి, ఆ చివరి వంకర అక్షరాన్ని వేలితో ఒకసారి తడిమింది. పక్కనున్న కొత్త గుర్తుని మాత్రం ముట్టుకోకుండా ఇంటికి వెళ్లిపోయింది.